స్టార్టప్ తన యూజర్ల దగ్గర డబ్బు ఎప్పుడు అడగాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మేం గుంటూరులో చిన్న డయాగ్నొస్టిక్ ల్యాబ్‌లకు రిపోర్టుల సాఫ్ట్‌వేర్ చేస్తాం. మొదటి 14 నెలలు ఎవరి దగ్గరా ఒక్క రూపాయి తీసుకోలేదు. తర్వాత తీసుకోవడం మొదలుపెట్టాం. ఇప్పుడు కొత్తగా స్టార్టప్ పెట్టిన కుర్రాళ్ళు, అమ్మాయిలు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ప్రతిసారీ ఫోన్లో అరగంట చెప్పే జవాబులే ఇక్కడ రాశాను.

అసలు డబ్బు అడగడం ఎప్పుడు మొదలుపెట్టాలి?

మీరు ఆగిపోతే ఎవరికో ఒకరికి ఆ రోజు పని జరగదు అన్నప్పుడు. అలాంటివాళ్ళు పదిమంది ఉంటే మంచిది, ఒక్కరున్నా చాలు. మొత్తం ఎంతమంది రిజిస్టరయ్యారన్నది చూసి ఈ నిర్ణయం తీసుకోకండి.

మాకు ఇది ఎలా తెలిసిందో చెబుతాను. ఒక సోమవారం ఉదయం ఆరున్నరకు మా సర్వర్ పడిపోయింది. ల్యాబ్‌లకు అది మంచి రద్దీ టైమ్. షుగర్ టెస్టుకి పరగడుపున వచ్చినవాళ్ళంతా అప్పుడే కూర్చుని ఉంటారు. పేరు ఎక్కించాలి, స్టిక్కర్ ప్రింట్ తీయాలి, ట్యూబు మీద అంటించాలి. స్టిక్కర్ రాదు. సరిచేయడానికి మాకు రెండు గంటలు పట్టింది. అప్పటికి మా దగ్గర 41 ల్యాబ్‌లు రిజిస్టరై ఉన్నాయి. ఫోన్ చేసినవి 11. మిగతా 30 ల్యాబ్‌ల నుంచి ఫోన్ లేదు, వాట్సాప్ మెసేజ్ కూడా లేదు. వాళ్ళు మా సాఫ్ట్‌వేర్‌ని పేరుకు పెట్టుకుని, అసలు పని ఎక్సెల్‌లోనో రిజిస్టరు పుస్తకంలోనో చేసుకుంటున్నారని ఆ రోజు తెలిసింది. మేమేమో కనపడిన ప్రతివాళ్ళకీ 41 ల్యాబ్‌లు అని చెప్పుకుంటున్నాం.

తర్వాత డబ్బు అడిగినప్పుడు మొదట కట్టిన 9 మందీ ఆ 11 మందిలోని వాళ్ళే. అంటే ఆ సోమవారం నాటికే మేం అడిగి ఉండొచ్చు. ఇంకా నిజం చెప్పాలంటే, దానికి ఆరు నెలల ముందే అడిగి ఉండొచ్చు.

మీకు సర్వర్ పడిపోయే అవసరం లేదు. చిన్న మార్పు చేసినా, ఒక బటన్ చోటు మార్చినా, "ఇదేంటి, నిన్న ఇక్కడ ఉందే?" అని అడిగేవాళ్ళు ఉంటారు. ఆ పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం మీద ఐదారు పేర్లు పడ్డాయంటే ధర చెప్పే రోజు వచ్చేసినట్టే.

ప్రోడక్ట్ ఇంకా పూర్తవలేదు. బగ్స్ ఉన్నాయి. ఇప్పుడు డబ్బు అడిగితే తప్పు కాదా?

తప్పు కాదు. ప్రోడక్ట్ ఎప్పటికీ పూర్తవదు. "ఇంకో ఫీచర్ వచ్చాక అడుగుదాం" అనుకున్న ప్రతిసారీ వెనక ఉండేది మొహమాటమే. మనలో చాలామందికి డబ్బు అడగడం అంటే చేయి చాచినట్టు అనిపిస్తుంది. పెళ్ళికి వచ్చిన వంటవాళ్ళు ముందే అడ్వాన్స్ తీసుకుంటారు, మేస్త్రీ వారం వారం తీసుకుంటాడు, ఎవరూ తప్పుపట్టరు. సాఫ్ట్‌వేర్ దగ్గరికి వచ్చేసరికి మనకే గొంతులో ఏదో అడ్డం పడుతుంది. అడగందే అమ్మైనా పెట్టదు అని చిన్నప్పటి నుంచి వింటున్నాం. పరిచయం లేని ల్యాబ్ యజమాని తనంతట తానే పిలిచి డబ్బులు ఇస్తాడా?

బగ్ ఎలాంటిదన్నది మాత్రం చూసుకోవాలి. డేటా పోయేలా ఉన్నా, లెక్క తప్పు వస్తున్నా, ఒక పేషెంటు వివరాలు ఇంకొకరికి కనపడే ప్రమాదం ఉన్నా, అది సరిచేసేదాకా డబ్బు సంగతి అటుంచండి, కొత్త యూజర్లను కూడా చేర్చుకోకండి. స్క్రీన్ బాగోలేదు, కొంచెం స్లోగా ఉంది, ఒక రిపోర్టు ఫార్మాట్ లేదు లాంటివాటి కోసం ఆగక్కర్లేదు.

ఫ్రీగా ఇస్తే ముందు నమ్మకం వస్తుంది కదా? నమ్మకం కుదిరాక అడగొచ్చు.

నేనూ ఇలాగే అనుకున్నాను. కొత్తపేటలో హాస్పిటళ్ళ మధ్య ఒక పాత ల్యాబ్ ఉంది. యజమానికి అరవై దాటాయి, ముప్పై ఏళ్ళుగా అదే పని. ఒక సాయంత్రం ఆయన కౌంటర్ దగ్గర నిలబడి "పూర్తిగా ఫ్రీ సార్, మీరేమీ కట్టక్కర్లేదు" అని చెప్పాను. ఆయన రిపోర్టుల మీద సంతకాలు పెడుతూనే, తల ఎత్తకుండా అడిగారు:

"ఇదిగో బాబూ, ఆ మూల ఎనలైజర్ చూశావా? దాన్ని కంపెనీవాళ్ళు నాకు ఫ్రీగానే ఇచ్చారు. టెస్టులకు వాడే రసాయనాలు, అవే రీజెంట్లు, మాత్రం వాళ్ళ దగ్గరే కొనాలి. మిషన్ ఫ్రీగా ఇచ్చినవాడు రీజెంట్ల మీద లాగుతాడు. నువ్వు దేని మీద లాగుతావు?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన తర్వాతి ప్రశ్న ఇంకా సూటిగా ఉంది: "నా పేషెంట్ల ఫోన్ నంబర్లు ఎవరికైనా అమ్ముతావా?"

వ్యాపారం చేసేవాళ్ళకు ఉచితం అంటే నమ్మకం రాదు, అనుమానం వస్తుంది. ఖర్చు ఎక్కడో ఉంటుందని, అది చివరికి తమ మీదే పడుతుందని వాళ్ళకు అనుభవం. నెలకు ఇంత అని చెబితే వాళ్ళు మనల్ని అర్థం చేసుకోగలరు. పేషెంట్ల వివరాలు, ఇంట్లోవాళ్ళ వివరాలు, డబ్బు లెక్కలు ముట్టుకునే ప్రోడక్ట్ అయితే ఇది ఇంకా ముఖ్యం.

వాట్సాప్ ముందు కోట్ల మందిని చేర్చుకుని తర్వాత కదా సంపాదించింది?

వాట్సాప్ కథలో చాలామంది మర్చిపోయే ముక్క ఒకటుంది. అది మొదట్లో డబ్బు తీసుకున్న యాప్. 2009లో జాన్ కౌమ్, బ్రయాన్ ఆక్టన్ మొదలుపెట్టినప్పుడు కొత్త యూజర్ నంబరు నిర్ధారించుకోవడానికి పంపే ఎస్సెమ్మెస్‌కు కంపెనీయే డబ్బు కట్టాలి, అందుకే యూజర్ల దగ్గర తీసుకున్నారు. తర్వాత కూడా ఏడాదికి సుమారు ఒక డాలర్ చందా ఉండేది. 2014లో ఫేస్‌బుక్ దాన్ని సుమారు 1,900 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించింది. చందా తీసేసింది 2016 జనవరిలో. చాలామంది యూజర్లకు డెబిట్, క్రెడిట్ కార్డులు లేవని, ఏడాది దాటితే స్నేహితులతో మాట్లాడలేమేమోనని భయపడుతున్నారని అప్పుడు కంపెనీయే చెప్పింది.

షేర్ బ్రోకింగ్ కంపెనీ జెరోధాది కూడా ఇదే దారి. 2010లో మొదలైనప్పుడు ఆర్డరుకు గరిష్ఠంగా 20 రూపాయలు అని ఒకే రేటు పెట్టింది. బయటి పెట్టుబడి తీసుకోలేదు. ఐదేళ్ళ తర్వాత, 2015 డిసెంబరులో, షేర్లు కొని అట్టిపెట్టుకునేవాళ్ళకు బ్రోకరేజీ తీసేసింది. ఆదాయం ఎక్కడి నుంచి వస్తుందో అప్పటికి వాళ్ళకు స్పష్టంగా తెలుసు. ఏ ముక్క ఉచితంగా ఇస్తే తట్టుకోగలరో కూడా తెలుసు.

డబ్బు తీసుకుని తర్వాత ఉచితం చేస్తే అందరూ సంతోషిస్తారు. ఉచితంగా ఇచ్చి తర్వాత డబ్బు అడిగితే, పది రూపాయలైనా సరే, కొందరికి కోపం వస్తుంది. ఏ వైపు నుంచి మొదలుపెట్టాలో తేల్చుకోలేకపోతే డబ్బు తీసుకునే వైపు నుంచి మొదలుపెట్టండి.

మరి జియో? ఫ్రీగా ఇచ్చే గెలిచింది కదా.

2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. డిసెంబరు 31 వరకు ఉచితం అన్నారు, తర్వాత 2017 మార్చి 31 వరకు పొడిగించారు. ఆరు నెలలలోపే 10 కోట్ల మంది చేరారు. తర్వాత ప్రైమ్ మెంబర్‌షిప్‌కు 99 రూపాయలు, నెల ప్లానుకు 303 రూపాయలు. కోట్ల మంది కట్టారు.

దీంట్లో మనం నేర్చుకోగలిగేది ఒకటుంది, కాపీ కొట్టకూడనిది ఒకటుంది. ఉచితం ఎప్పటిదాకా అన్నది జియో మొదటి రోజే తేదీతో సహా చెప్పింది. ఇది నేర్చుకోవాలి. "ప్రస్తుతానికి ఫ్రీ" అని వదిలేయకుండా "ఫలానా తేదీ దాకా ఫ్రీ" అని రాయండి. కాపీ కొట్టకూడనిది, ఆ ఉచితం వెనక ఉన్న లక్షన్నర కోట్ల రూపాయల పెట్టుబడి. టవర్లు వేసేశాక ఇంకో యూజర్ చేరితే వాళ్ళకు అదనంగా అయ్యే ఖర్చు చాలా తక్కువ. సిమ్ మార్చిన మనిషి మళ్ళీ మార్చడం కష్టం. మీ బ్యాంకు ఖాతాలో ఎనిమిది నెలల ఖర్చులకు సరిపడా ఉంటే మీరు ఆడుతున్న ఆట వేరు.

ఉచితంగా ఉంచాల్సిన వ్యాపారాలే లేవా?

ఉన్నాయి. రెండు వైపులా మనుషులున్న వ్యాపారాల్లో ఒక వైపు ఉచితంగా ఉంచడం మామూలే. 2006లో ఫణీంద్ర సామ తన బిట్స్ పిలానీ స్నేహితులతో కలిసి రెడ్‌బస్ మొదలుపెట్టినప్పుడు కమీషన్ ఇచ్చింది బస్సు ఆపరేటర్లు. పండక్కి ఊరెళ్ళడానికి టికెట్ దొరక్క పుట్టిన ఆలోచన అది. అమ్ముడుపోని సీటు ఆపరేటరుకు నష్టం, దాన్ని అమ్మిపెట్టినవాళ్ళకు కొంత ఇవ్వడం అతనికి కష్టం కాదు. కాబట్టి మీ ప్రశ్న "డబ్బు తీసుకోవాలా వద్దా" అని కాకుండా "ఎవరి దగ్గర తీసుకోవాలి" అని ఉండాలి. ఎవరి జేబులో నష్టం ఆగుతోందో వాళ్ళ దగ్గర.

నలుగురూ చేరితేనే పనికొచ్చే ప్రోడక్టులు కూడా ఉంటాయి. మెసేజింగ్, అపార్ట్‌మెంట్ గ్రూపుల యాప్‌లు ఇలాంటివి. వీటిలో మనిషి మనిషికీ టికెట్ పెడితే ఎవరూ రారు. అపార్ట్‌మెంట్ యాప్ అయితే అసోసియేషన్ దగ్గర తీసుకోండి, ఫ్లాట్లవాళ్ళకు ఉచితంగా ఇవ్వండి.

కొన్నిచోట్ల నిబంధనే అడ్డు వస్తుంది. 2020 జనవరి 1 నుంచి బ్యాంకు ఖాతాల మధ్య జరిగే యూపీఐ చెల్లింపుల మీద దుకాణదారుల దగ్గర ఎండీఆర్ (చెల్లింపు జరిపినందుకు తీసుకునే రుసుము) వసూలు చేయడానికి లేదు. పేమెంట్ యాప్‌లు అప్పులు, ఇన్సూరెన్సు, సౌండ్‌బాక్సు అద్దెల మీద ఎందుకు పడ్డాయో దీన్నిబట్టి తెలుస్తుంది. మీ వ్యాపారం ఇలాంటి నిబంధన పక్కన ఉంటే మొదటి నెలలోనే తేల్చుకోండి.

మాది ఏఐ ప్రోడక్ట్. మాకూ ఇదే వర్తిస్తుందా?

మీరు ఇంకా ముందే అడగాలి. మామూలు సాఫ్ట్‌వేర్‌లో ఇంకో యూజర్ వస్తే సర్వర్ ఖర్చు పెద్దగా పెరగదు. ఏఐలో ఒక్కో ప్రశ్నకూ మీరు ఆ ఏఐ మోడల్ నడిపే కంపెనీకి డబ్బు కడతారు. ఎక్కువ ఇష్టపడి వాడేవాడే ఎక్కువ నష్టం తెస్తాడు. చాట్‌జీపీటీ 2022 నవంబరు 30న ఉచితంగా వచ్చింది. నెలకు 20 డాలర్ల ప్లస్ ప్లాన్ 2023 ఫిబ్రవరి మొదట్లోనే ప్రకటించారు. వేలకోట్లు వెనక ఉన్న కంపెనీ కూడా రెండు నెలలకే డబ్బు అడిగింది. అదే కంపెనీ తర్వాత 2025లో మన దేశంలో నెలకు 399 రూపాయల గో ప్లాన్ పెట్టి, నవంబరు నుంచి ఏడాదిపాటు ఉచితం అంది. అది చూసి మీరూ ఏడాది ఉచితం అనకండి. వాళ్ళ ఏడాది ఖర్చు భరించేవాళ్ళు వేరే ఉన్నారు.

ఒక యూజర్‌కు నెలకు ఎంత ఖర్చవుతోందో ఈ రాత్రి కూర్చుని లెక్కేయండి. సగటు ఒక్కటే చూడకండి, ఎక్కువగా వాడే పదిమందిది విడిగా చూడండి.

ఎంత ధర పెట్టాలి?

మా ఆలోచన మొదట 99 రూపాయలు. తక్కువైతే ఎవరూ కాదనరని. కొత్తపేట పెద్దాయనకే చెప్పాను. "99కి నువ్వెన్నాళ్ళు ఉంటావు?" అన్నారు. 40 ల్యాబ్‌లు కట్టినా నెలకు 3,960. సర్వరుకు, రిపోర్టులు పంపే వాట్సాప్ మెసేజ్‌లకు కూడా చాలదు. ఆయన కంటికి 99 చౌకగా కనపడలేదు, మేం ఆరు నెలల్లో మూసేస్తామన్నట్టు కనపడింది. ముప్పై ఏళ్ళ ల్యాబ్ తన రికార్డులను అలాంటివాళ్ళ చేతిలో పెట్టదు.

చివరికి 500 పెట్టాం. లెక్క ఇది: రోజుకు 30 రిపోర్టులు, నెలకు 26 రోజులు, మొత్తం 780. 500 రూపాయలంటే రిపోర్టుకు 64 పైసలు. రిపోర్టు పెట్టి ఇచ్చే కవరుకే అంతకంటే ఎక్కువ అవుతుంది. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే బేరం దాదాపు ఆగిపోయింది. మీ ధరను మీ కస్టమర్ రోజూ కొనే ఏదో ఒక వస్తువుతో పోల్చి చెప్పగలగాలి. హోటల్‌కు అమ్ముతుంటే గ్యాస్ సిలిండరుతో, ట్యూషన్ సెంటరుకు అమ్ముతుంటే ఒక పిల్లాడి నెల ఫీజుతో.

పదిమందిలో పదిమందీ నోరెత్తకుండా కట్టేస్తే మీ ధర తక్కువ. కొత్తగా వచ్చేవాళ్ళకు పెంచండి. పాతవాళ్ళకు కనీసం ఏడాది అదే రేటు ఉంచండి.

ఏడాదికి ఒకేసారి కట్టే ప్లాన్ తప్పకుండా పెట్టండి. చిన్న వ్యాపారులకు ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) అలవాటు. ఏసీకి, మిషన్లకు ఏటా కడతారు. నెలనెలా అడిగితే నెలనెలా ఆలోచిస్తారు. ఏడాదికి 5,000 అన్నాక మాకు పెద్ద ల్యాబ్‌లన్నీ అందులోకే వచ్చాయి, ఆ డబ్బుతోనే రెండో మనిషిని ఉద్యోగంలోకి తీసుకున్నాం.

ఫ్రీ ట్రయల్ మంచిదా, కొంత ఉచితం కొంత డబ్బు అన్న పద్ధతి మంచిదా?

చిన్న టీమ్‌కు ట్రయల్ మంచిది. రోజులు కాదు, పని చూసి పెట్టండి. మాది మొదటి 100 రిపోర్టులు ఉచితం. 15 రోజులు అని పెడితే పండగ వచ్చి, టెక్నీషియన్ సెలవు పెట్టి, ఏమీ చూడకుండానే గడువు అయిపోతుంది. 100 రిపోర్టులు తీసినవాళ్ళకు పని అలవాటైపోతుంది.

ఎప్పటికీ ఉచిత ప్లాన్ ఒకటి ఉంచాలంటే రెండు చూసుకోండి. ఉచితంగా వాడేవాడు ఇంకొకరిని తీసుకురావాలి. అతనికయ్యే ఖర్చు మీకు లెక్కలోకి రానంత తక్కువ ఉండాలి. ఫైల్ పంచుకునే డ్రాప్‌బాక్స్‌కు ఇవి రెండూ కుదిరాయి. ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌కు మొదటిదే కుదరదు. పక్క ల్యాబ్ పోటీదారు, అతనికి ఎవరు చెబుతారు?

ఇప్పటికే ఉచితంగా వాడుతున్నవాళ్ళకు ఎలా చెప్పాలి?

ముందుగా, సూటిగా, మీ పేరుతో. మేం పంపిన మెసేజ్ దాదాపు ఇలా ఉంది:

"నమస్తే సార్. ఏడాదికి పైగా మీరు మా సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు, కృతజ్ఞతలు. జూలై 1 నుంచి నెలకు 500 రూపాయలు తీసుకోబోతున్నాం. జూన్ 30 వరకు ఇప్పటిలాగే ఉచితం. వద్దనుకుంటే మీ పాత రిపోర్టులన్నీ ఎక్సెల్‌లో ఇచ్చేస్తాం, దానికి డబ్బేమీ లేదు. ఏదైనా అడగాలంటే ఈ నంబరుకి ఫోన్ చేయండి, నేనే మాట్లాడతాను."

రెండు నెలల ముందు పంపాం. ఇందులో అన్నిటికంటే పనిచేసింది ఎక్సెల్ మాట. డేటా పట్టుకుని బెదిరిస్తారేమో అన్న భయం పోయింది. "మార్కెట్ పరిస్థితుల దృష్ట్యా", "మెరుగైన సేవల కోసం" లాంటి మాటలు రాయకండి. ఖర్చులున్నాయి, మేం బతకాలి, అందుకే అడుగుతున్నాం అంటే మనుషులకు అర్థమవుతుంది.

మెసేజ్ తర్వాత ప్రతి ఒక్కరికీ ఫోన్ చేయండి. ఐదువందల మంది దాకా యూజర్లుంటే ఇది చేయగల పనే. ఆ ఫోన్లలో తెలిసినన్ని విషయాలు ఏ సర్వేలోనూ తెలియవు.

సగం మంది వెళ్ళిపోతే?

వెళ్తారు. మాకు సగం కంటే ఎక్కువే వెళ్ళారు. ఆ వారం రాత్రిళ్ళు నిద్ర పట్టలేదు, ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. తర్వాత చూస్తే, వెళ్ళినవాళ్ళలో చాలామంది మూడు నెలలుగా లాగిన్ కూడా కాలేదు. వెళ్ళినవాళ్ళలో రోజూ వాడినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అన్నది మాత్రం చూడండి. అలాంటివాళ్ళు ఇద్దరు ఉన్నారు మాకు. ఇద్దరి దగ్గరికీ స్వయంగా వెళ్ళాం. ఒకాయనకు రోజుకు ఐదారు టెస్టులే వస్తాయి, 500 నిజంగా బరువే. అలాంటివాళ్ళ కోసం 200 ప్లాన్ పెట్టాం. ఇంకొకాయన వేరే సాఫ్ట్‌వేర్‌కు మారిపోయారు, తిరిగి రాలేదు.

రోజూ వాడేవాళ్ళు కూడా గుంపుగా వెళ్ళిపోతే ధర తగ్గించడానికి తొందరపడకండి. వాళ్ళకు మీ ప్రోడక్ట్ ఉంటే బాగుండు అనే వస్తువే గానీ లేకపోతే కుదరదు అనేది కాదని అర్థం. మార్చాల్సింది ప్రోడక్ట్‌ని.

మనవాళ్ళు యాప్‌లకు డబ్బు కట్టరంటారు. నిజమేనా?

ఓటీటీ యాప్ ఆహా 2020లో వచ్చినప్పుడు ఏడాదికి 365 రూపాయలు అంది. రోజుకు రూపాయి. అచ్చంగా తెలుగువాళ్ళ కోసం వచ్చి, చందాతో నడిచింది. స్విగ్గీ 2023 ఏప్రిల్‌లో ఆర్డరుకు 2 రూపాయల ప్లాట్‌ఫామ్ ఫీజు మొదలుపెట్టినప్పుడు ముందు చూసిన నగరాల్లో హైదరాబాద్ ఒకటి. తర్వాత అది 10 రూపాయలు దాటింది, ఆర్డర్లు ఆగలేదు. మనవాళ్ళు లెక్క చూసుకుని కడతారు. ఏం వస్తుందో తెలియని దానికి కట్టరు, అది న్యాయమే.

తెలిసినవాళ్ళు, బంధువులు ఫ్రీగా అడిగితే?

మా బాబాయికి ఒక ల్యాబ్ ఉంది. "మన పిల్లాడిదేగా" అన్నారు. నేను ఇచ్చేశాను, అది నా పొరపాటు. ఆయన ఎవరికి రికమెండ్ చేసినా "నాకైతే ఫ్రీ" అని కలిపి చెప్పేవారు. తర్వాత వెళ్ళి, "బాబాయ్, మీరు ఏడాదికి కట్టండి, వెయ్యి తగ్గిస్తాను, బిల్లు మాత్రం పూర్తిగా రాస్తాను" అన్నాను. కొంచెం మొహం మార్చుకున్నారు, కట్టారు. తగ్గించినా ఫర్వాలేదు, సున్నా చేయకండి.

జీఎస్టీ, పేమెంట్ గేట్‌వే గొడవలు ముందే చూసుకోవాలా?

సర్వీసులకు ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. దాటాక సాఫ్ట్‌వేర్ సర్వీసుల మీద 18 శాతం. పెద్ద కంపెనీలకు అమ్ముతుంటే వాళ్ళు జీఎస్టీ బిల్లే అడుగుతారు, ఎందుకంటే ఆ పన్ను వాళ్ళు ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకుంటారు, అంటే తాము కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకుంటారు. అప్పుడు ముందే రిజిస్టర్ చేసుకోవడం మేలు. ల్యాబ్‌ల సంగతి వేరు. డయాగ్నొస్టిక్ సేవల మీద జీఎస్టీ లేదు, కాబట్టి వాళ్ళకు క్రెడిట్ రాదు. 500 మీద 18 శాతం వేస్తే 590, ఆ 90 నేరుగా వాళ్ళ ఖర్చే. మేం రిజిస్టర్ అయ్యాక ఎక్కువ ఫోన్లు వచ్చింది ఆ 90 గురించే. మీ కస్టమర్లకు క్రెడిట్ వస్తుందా రాదా అన్నది ధర ప్రకటించకముందే తెలుసుకుని, పన్నుతో కలిపిన మొత్తమే చెప్పండి. మిగతా వివరాలకు మీ ఆడిటర్‌ని అడగండి.

గేట్‌వేలు (ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే కంపెనీలు) కార్డు చెల్లింపుల మీద మామూలుగా 2 శాతం దాకా, దానిపై జీఎస్టీ తీసుకుంటాయి. నెలనెలా తనంతట డబ్బు కట్ అవ్వాలంటే కార్డు మాండేట్ (ముందస్తు అనుమతి) గానీ యూపీఐ ఆటోపే గానీ కావాలి. ఆర్‌బీఐ నిబంధన ప్రకారం మొదటిసారి కస్టమర్ స్వయంగా అనుమతి ఇవ్వాలి, ప్రతి నెలా డబ్బు తీసుకునే ముందు కనీసం 24 గంటల ముందు అతనికి సమాచారం వెళ్ళాలి. సాధారణ చందాలకు 15,000 రూపాయల దాకా మళ్ళీ ఓటీపీ అవసరం లేదు. ఆ ముందస్తు మెసేజ్ చూసి కొందరు రద్దు చేసుకుంటారు, దానికి సిద్ధంగా ఉండండి.

మొదటి పదిమంది కోసం ఇవేమీ అక్కర్లేదు. క్యూఆర్ కోడ్, రసీదు పుస్తకం చాలు. గేట్‌వే ఆమోదం రాలేదని నెల రోజులు ఆగినవాళ్ళు నాకు తెలుసు.

ప్లేస్టోర్ ద్వారా డిజిటల్ చందా అమ్మితే గూగుల్ వాటా 15 శాతం దాకా ఉంటుందని లెక్కలో వేసుకోండి.

ఇన్వెస్టర్ "ఇప్పుడే వద్దు, యూజర్లను పెంచండి" అంటున్నారు.

ఆయన డబ్బు పెట్టి, రాతపూర్వకంగా ఎన్ని నెలలు భరిస్తారో చెబితే వినొచ్చు. డబ్బు పెట్టకుండా చెబితే అది సలహా మాత్రమే.

మొదటి డబ్బు ఎవరి దగ్గర, ఎలా తీసుకోవాలి?

మీకు ఎక్కువ ప్రశ్నలు వేసినవాళ్ళ దగ్గర, ఎదురుగా కూర్చుని. నేను కొత్తపేట పెద్దాయన దగ్గరికే వెళ్ళాను. జూలై 1 సాయంత్రం. రేటు ముందే తెలుసు కాబట్టి మాట్లాడటానికి ఏమీ లేదు. ఆయన సొరుగు లాగి ఐదువందల నోటు తీసి కౌంటర్ మీద పెట్టి, "బిల్లు ఇవ్వు" అన్నారు. నా దగ్గర లేదు. ఎదురుగా స్టేషనరీ షాపుకి వెళ్ళి రసీదు పుస్తకం కొనుక్కొచ్చి, నంబరు 1 రాసి, చింపి ఇచ్చాను. కరెంటు బిల్లులు పెట్టే ఫైలులో దాన్ని పెట్టుకున్నారు.

వారం తిరక్కుండా ఆయన నుంచి ఫోన్. రిపోర్టు రెండో పేజీలో ల్యాబ్ పేరు ప్రింట్ కావడం లేదట. పేజీలు విడిపోతే అది ఏ ల్యాబ్‌దో తెలియక పేషెంట్లు ఇబ్బంది పడుతున్నారట. ఎప్పటి నుంచి అని అడిగాను.

"మొదటి నుంచీ అంతే."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం సార్?"

"ఊరికే ఇస్తున్నవాణ్ణి ఏమని అడుగుతాం బాబూ? ఇప్పుడు డబ్బు కడుతున్నాను, అడుగుతున్నాను."

ఆ రాత్రే సరిచేసి పంపాం. మర్నాడు ఆయన ఇంకో నాలుగు చెప్పారు.